కారవాన్ సైట్ రివ్యూలో నేను ముందు వెతికేది పిచ్ నంబరు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. లీడ్స్‌లో ఉంటున్నారు. ఆరుగురు పడుకునే కారవాన్, అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. ఆగస్టులో ఇండియా నుంచి అమ్మానాన్న వస్తే వాళ్లనీ, ఇద్దరు పిల్లల్నీ తీసుకుని నార్త్ యార్క్‌షైర్‌లో హెల్మ్స్‌లీ దగ్గర ఒక సైట్‌కి, అంటే కారవాన్లు, టెంట్లు నిలుపుకునే చోటికి, వెళ్దామనుకుంటున్నారు. దానికి 4.6 స్టార్లున్నాయి కానీ రివ్యూల్లో ఒకరు స్వర్గమంటున్నారు, ఇంకొకరు డబ్బు దండగంటున్నారు. ఎవర్ని నమ్మాలన్నది మీ మొదటి ప్రశ్న. పోయిన ఈస్టర్‌కి ఇంకో సైట్‌కి వెళ్లొచ్చి మీరు శ్రద్ధగా రాసిన రివ్యూని 'ఉపయోగపడింది' అని ఒక్కరూ నొక్కలేదు, అసలు ఎలా రాయాలన్నది రెండోది.

నాకైతే ఈ రెండూ ఒకటే ప్రశ్న. ఇతరుల రివ్యూల్లో మీకు ఏది దొరక్క విసుగొస్తోందో, మీరు రాసిన దాంట్లోనూ అదే లేదు.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో. నాటింగ్‌హామ్‌లో ఉంటాం. మొదటి నాలుగేళ్లు టెంట్, ఆ తర్వాత కారవాన్, మొత్తం పద్నాలుగేళ్లుగా ఈ పిచ్చి. బండి లాగేది నేనే. మా ఆయన కారవాన్ రివర్స్ చేస్తుంటే చుట్టుపక్కల పిచ్‌ల (సైట్‌లో ఒక్కో బండికీ, టెంటుకీ ఇచ్చే జాగాని పిచ్ అంటారు) వాళ్లు టీ కప్పులతో కుర్చీలు బయట వేసుకుని కూర్చుంటారు, అందుకని ఆ పని కూడా నాదే. ఇన్నేళ్లలో రివ్యూలు నమ్మి బాగుపడ్డదీ ఉంది, మునిగిందీ ఉంది.

స్టార్ల సగటుని నేను దాదాపు పట్టించుకోను. రివ్యూ రాసే ఓపిక ఎవరికుంటుంది? బాగా సంతోషంగా ఉన్నవాళ్లకి, లేదంటే ఒళ్లు మండినవాళ్లకి. 'పర్లేదు' అనుకున్నవాళ్లు ఇంటికెళ్లి బురద బట్టలు వాషింగ్ మెషీన్‌లో వేసుకుంటారు, రివ్యూ జోలికి రారు. కాబట్టి 4.3కీ 4.7కీ మధ్య తేడా చూసి సైట్ ఎంచుకోవడం శుద్ధ దండగ. ఏదైనా సైట్ మరీ 3 దగ్గర ఉంటే అప్పుడు కాస్త ఆగి కారణం వెతుకుతాను, అంతే.

నేను వెతికేది నాలుగు సంగతులు. ఎప్పుడు వెళ్లారు, దేంట్లో ఉన్నారు (టెంటా, కారవానా, ఇల్లూ ఇంజనూ ఒకే బండిగా ఉండే మోటర్‌హోమా), సైట్‌లో ఏ మూల ఉన్నారు, ఎవరితో వెళ్లారు. ఈ నాలుగూ ఉంటే ఆ మనిషి స్టార్ ఎన్నిచ్చినా నాకు పని జరుగుతుంది. ఇవి లేకపోతే పది లైన్ల పొగడ్తయినా, పది లైన్ల తిట్టయినా ఒకటే.

ఒక ఉదాహరణ చెప్తాను. కొన్నేళ్ల క్రితం లేక్ డిస్ట్రిక్ట్‌లో కెస్విక్ దగ్గర ఒక సైట్ చూస్తున్నాను. మూడు రివ్యూలు వరసగా ఉన్నాయి. మొదటిది ఒక స్టార్: "సైట్ కాదు, బురద గుంట. కారు చక్రాలు దిగబడితే ట్రాక్టరు పెట్టి లాగాల్సి వచ్చింది. డబ్బు వెనక్కివ్వలేదు." రెండోది ఐదు స్టార్లు: "పిల్లలు రోజంతా పక్కనున్న వాగులోనే. గడ్డి పరుపులా ఉంది." మూడోది మూడు స్టార్లు: "చలి. మేం పైన కంకర పిచ్ మీద ఉన్నాం కాబట్టి ఇబ్బంది లేదు. కింది మైదానం మూసేశారు. షవర్లు పాతవి, శుభ్రంగా ఉన్నాయి."

మొదటి ఇద్దరూ ఒకే చోటు గురించి రాశారంటే నమ్మబుద్ధి కాదు కదా. తేదీలు చూశాను. మొదటిది అక్టోబరు చివర, స్కూళ్ల హాఫ్‌టర్మ్ సెలవులప్పుడు. రెండోది జూన్. మూడోది మార్చి. అప్పుడు బొమ్మ మొత్తం కనిపించింది. కింద గడ్డి మైదానం, దాని పక్కనే వాగు. ఎండలు కాస్తే పిల్లలకి పండగ, వానలు పడితే నేల మెత్తబడి కార్లు దిగబడతాయి, మరీ ఎక్కువైతే వాళ్లే మూసేస్తారు. పైన కంకర పరిచి గట్టి చేసిన పిచ్‌లు, ఇక్కడ హార్డ్‌స్టాండింగ్ అంటారు చూడండి, అవి ఏ కాలంలోనైనా బాగానే ఉంటాయి. ఆ ప్రాంతంలోనే ఉన్న సీత్‌వెయిట్ అనే ఊరికి ఇంగ్లండ్‌లో జనం నివసించే ఊళ్లలో అతి ఎక్కువ వాన పడే ఊరని పేరు. ఏడాదికి 3000 మిల్లీమీటర్ల పైనే. హైదరాబాద్‌కి పడేది సుమారు 800. అలాంటి చోట అక్టోబరులో వాగు పక్కన గడ్డి మీద రెండు టన్నుల బరువు నిలబెట్టడమెందుకు, ట్రాక్టరు పిలవడమెందుకు? అడుసు తొక్కనేల, కాలు కడగనేల.

ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. కానీ మూడో మనిషి మాత్రమే తాను ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నాడో చెప్పాడు. ఆ 'పైన కంకర పిచ్ మీద ఉన్నాం' అన్న ఒక్క మాట లేకపోతే మిగతా రెండిటికీ తాళంచెవి దొరికేది కాదు. మేం మే నెలలో వెళ్లాం, పైన బుక్ చేసుకున్నాం, హాయిగా ఉన్నాం. విచిత్రమేంటంటే ఆ మూడు స్టార్ల రివ్యూకి 'ఉపయోగపడింది' అని నేను నొక్కేదాకా సున్నా. కాబట్టి మీ రివ్యూకి ఎవరూ నొక్కలేదని మరీ బాధపడకండి.

రెండో రకం గొడవ, ఆ చోటు ఎలాంటిదో తెలీకుండా వెళ్లి తిట్టేవాళ్లది. ఇక్కడ సీఎల్ (సర్టిఫికేటెడ్ లొకేషన్) అని ఒక రకం సైట్లుంటాయి. 1907లో మొదలైన క్లబ్, ఇప్పుడు కారవాన్ అండ్ మోటర్‌హోమ్ క్లబ్ అంటున్నారు, అది రైతుల పొలాల్లో, పెద్ద ఇళ్ల దొడ్లలో చిన్న చోట్లకి సర్టిఫికెట్ ఇస్తుంది. 1960 నాటి కారవాన్ సైట్ల చట్టం ఇచ్చిన వెసులుబాటు అది. ఒకేసారి ఐదు బళ్లు మించకూడదు, క్లబ్ సభ్యులకే. చాలాచోట్ల ఉండేది ఒక కుళాయి, చెత్తబుట్ట, టాయిలెట్ క్యాసెట్ (కారవాన్ టాయిలెట్ కింద మురికి చేరే డబ్బా) ఖాళీ చేసుకునే చోటు. అంతే. టాయిలెట్, స్నానం అన్నీ మీ కారవాన్‌లోనే. అలాంటి చోటికెళ్లి "టాయిలెట్లు లేవు! పిల్లలకి పార్కు లేదు!" అని ఒక స్టార్ ఇచ్చినవాళ్లని చూశాను. అది టిఫిన్ బండి దగ్గర ఏసీ లేదని అలగడం లాంటిది. ఇలాంటి రివ్యూలు చూస్తే తీసి పక్కన పెట్టండి. సైట్ ఏమిస్తానని చెప్పిందో అది ఇచ్చిందా లేదా అన్నదే లెక్క.

ఇంతకీ నేనేదో సత్యహరిశ్చంద్రుడి చెల్లెల్ని కాదు. ఆ తప్పు నేనూ చేశాను. కారవాన్ కొన్న మొదటి ఏడు, వేల్స్‌లో ఒక పొలం సైట్. రాత్రి ఎనిమిదిన్నర, హోరున వాన. ఇండక్షన్ స్టవ్ మీద పప్పు పెట్టాను. పక్కన నీళ్ల హీటర్ ఆన్‌లో ఉంది. ఠప్పుమని కరెంటు పోయింది. స్విచ్ ఉన్న పెట్టెకి తాళం. పాపం ఆ రైతు భార్య డ్రెస్సింగ్ గౌనులో, గొడుగేసుకుని వచ్చి స్విచ్ వేసి వెళ్లింది. పావుగంటకి మళ్లీ పోయింది. రెండోసారి పిలవడానికి సిగ్గేసి పిల్లలకి బ్రెడ్డు, అరటిపండు పెట్టి పడుకోబెట్టాను. అదే కోపంలో "కరెంటు దిక్కులేదు" అని ఒక స్టార్ కొట్టేశాను. పొద్దున లేచి వాళ్ల పేజీ చూస్తే '6 ఆంపుల హుకప్' (బండికి ఇచ్చే కరెంటు కనెక్షన్) అని స్పష్టంగా రాసి ఉంది. 6 ఆంపులని 230 వోల్టులతో హెచ్చవేస్తే 1380 వాట్లు. నా స్టవ్ ఒక్కటే 2000 వాట్లు. తప్పు ఎవరిదో లెక్కే చెప్పింది. రివ్యూ తీసేసి మళ్లీ రాశాను: "హుకప్ 6 ఆంపులే. రైస్ కుక్కర్ నడుస్తుంది, ఇండక్షన్ నడవదు, వంటకి గ్యాస్ తెచ్చుకోండి." నాలుగు స్టార్లు. అది చదివి థాంక్స్ చెప్పినవాళ్లున్నారు.

కాబట్టి ఎవరైనా 'కరెంటు మాటిమాటికీ పోతోంది' అని రాస్తే ముందు ఎన్ని ఆంపులో చూడండి. 10 అయితే 2300 వాట్లు, 16 అయితే 3680. మన వంటలకి 10 ఉంటే సర్దుకోవచ్చు, కెటిల్, స్టవ్ ఒకేసారి పెట్టకుండా ఉంటే. 16 ఆంపులున్న చోట కూడా పోతోందని ఇద్దరు ముగ్గురు రాస్తే అప్పుడు వైరింగ్ అనుమానించాలి.

శబ్దం గురించిన ఫిర్యాదులు తేల్చుకోవడం కాస్త కష్టం. దీనికీ ఒక కథ ఉంది, చెప్పుకోవడానికి సిగ్గే. ఒక బ్యాంక్ హాలిడే వారాంతం పీక్ డిస్ట్రిక్ట్‌లో ఐదు తెలుగు కుటుంబాలం కలిసి దిగాం. బిర్యానీ, ఆ తర్వాత అంత్యాక్షరి. రాత్రి పదిన్నర తర్వాత నిశ్శబ్దం పాటించాలని గేటు దగ్గర బోర్డుంది. మేం పదకొండున్నర దాకా ఘంటసాల గారిని వదల్లేదు. వారం తర్వాత ఆ సైట్ కింద ఒక స్టార్ రివ్యూ పడింది: పెద్ద గుంపు అర్ధరాత్రి దాకా పాటలు పాడింది, సైట్ చూసుకునే వార్డెన్ నోరెత్తలేదు అని. ఆ గుంపు మేమే. మా పాటలకి శిక్ష ఆ సైట్ యజమాని అనుభవించాడు. అప్పట్నుంచి శబ్దం ఫిర్యాదు చూడగానే అడుగుతాను: ఇది ఆ రాత్రి సంగతా, ఆ చోటి సంగతా? వేర్వేరు నెలల్లో ముగ్గురు ఒకే మాట అంటే అది చోటి సంగతి. వెనక రైలు పట్టాలు, పక్కన హైవే, ఎదురుగా క్లబ్‌హౌస్ బార్ లాంటివి ఎక్కడికీ పోవు. ఒకే ఒక్క వారాంతం అయితే వార్డెన్ ఏం చేశాడన్నదే చూడాల్సింది. వచ్చి చెప్పాడా, చెప్పలేదా?

పొలాల పక్క సైట్లకి ఇంకో రకం ఫిర్యాదులొస్తాయి. పేడ కంపు, కోడికూత, ఆగస్టులో రాత్రిపూట గోధుమ కోసే యంత్రాల రొద. పల్లెటూళ్లో పుట్టి పెరిగిన మనవాళ్లు కూడా పేడ వాసనకి రెండు స్టార్లు ఇవ్వడం చూసి నవ్వుకున్నాను. కానీ అది కూడా పనికొచ్చే సమాచారమే, ఏ నెలలో అన్నది రాస్తే. అలాగే స్కాట్లాండ్ పడమటి హైలాండ్స్‌లో జులై, ఆగస్టు నెలల్లో మిడ్జ్ అనే దోమకన్నా చిన్న పురుగులు మీదపడి పీక్కుతింటాయి. గాలి బాగా వీస్తే ఎగరలేవు. అందుకే అక్కడి సైట్ గురించి రాసేటప్పుడు "సముద్రం వైపు గాలి తగిలే పిచ్‌లో బాగుంది, చెట్ల కింద ఉన్నవాళ్లు సాయంత్రం తలుపు తియ్యలేకపోయారు" అని రాసినవాడికి దణ్ణం పెట్టాలి.

దొంగ రివ్యూల గురించి మీరు అడిగారు. ఉంటాయి. నేను గమనించింది చెప్తాను. ఒకే వారంలో నాలుగైదు ఐదు స్టార్లు పడటం, అన్నిట్లో యజమాని పేరు పెట్టి పొగడటం, పిచ్ గురించి, షవర్ గురించి ఒక్క ముక్క లేకపోవడం, ఆ మనిషి ఖాతాలో ఇంకే సైట్ రివ్యూ కనిపించకపోవడం. ఇవన్నీ కలిస్తే నేను ఆ వారాన్ని వదిలేసి పాతవి చదువుతాను. ఒక్క లక్షణం కనపడగానే దొంగ అనేయకండి, మొదటిసారి క్యాంపింగ్‌కి వెళ్లినవాళ్లు కూడా అలాగే రాస్తారు. బ్రిటన్‌లో 2025 ఏప్రిల్ 6 నుంచి దొంగ రివ్యూలు రాయించడం, బహుమతి పుచ్చుకుని రాసిన సంగతి దాచడం కొత్త వినియోగదారుల చట్టం కింద నిషేధం. కాంపిటీషన్ అండ్ మార్కెట్స్ అథారిటీ అనే ప్రభుత్వ సంస్థ, తప్పు చేసిన కంపెనీకి దాని ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 10 శాతం దాకా జరిమానా వెయ్యొచ్చు. ఇండియాలో ప్రమాణాలు ఖరారు చేసే బీఐఎస్ వాళ్లు కూడా 2022 నవంబరులో ఆన్‌లైన్ రివ్యూలకి ఐఎస్ 19000:2022 అని ఒక ప్రమాణం తెచ్చారు. ఒకసారి ఒక సైట్ రిసెప్షన్‌లో "ఐదు స్టార్లు పెట్టి చూపిస్తే వచ్చేసారి ఒక రాత్రికి తగ్గింపు" అన్నారు నాతో. తగ్గింపు తీసుకోలేదు, రివ్యూ మాత్రం రాశాను, ఆ మాట అన్నారని కూడా రాశాను. అలాంటిది మీకెదురైతే, తీసుకున్నా తీసుకోకపోయినా, దాచకండి.

రివ్యూ కింద యజమాని ఇచ్చిన జవాబు తప్పకుండా చదవండి. నాకు సగం సంగతి అక్కడే తెలుస్తుంది. "ఆ వారం బాయిలర్ పాడైంది, 14న మార్చాం, మీకు డబ్బు వెనక్కిచ్చాం" అన్నాడంటే వెళ్లొచ్చు. "మీలాంటివాళ్లు మాకు అక్కర్లేదు" అని కయ్యానికి దిగాడంటే నేను వెళ్లను, రేపు నాకేదైనా ఇబ్బందొస్తే అదే నోటితో మాట్లాడతాడు కదా. ప్రతి రివ్యూకీ ఒకే నాలుగు లైన్లు అతికించేవాళ్లు మాత్రం నాకు లెక్కలోకి రారు.

ఇక రాయడం. మీ ఈస్టర్ రివ్యూ మీరే పెట్టారు కాబట్టి దాన్నే తీసుకుంటాను, ఏమనుకోకండి. "సూపర్ సైట్. ప్రశాంతమైన వాతావరణం. పిల్లలు బాగా ఎంజాయ్ చేశారు. స్టాఫ్ చాలా ఫ్రెండ్లీ. తప్పకుండా వెళ్లాల్సిన చోటు." ఇందులో తప్పేం లేదు. కానీ ఈ ఐదు వాక్యాలు ఇంగ్లండ్‌లో ఏ సైట్ కింద పెట్టినా సరిపోతాయి, ఊటీలో హోటల్ కింద పెట్టినా సరిపోతాయి. అదీ చిక్కు. పిల్లలు దేంతో ఎంజాయ్ చేశారు? ప్రశాంతం అంటే మూడు కుటుంబాలే ఉన్నాయా, ఉన్న ముప్పై కుటుంబాలూ నెమ్మదస్తులా?

పోయిన ఏడాది మా అత్తగారితో వెళ్లొచ్చి నేను రాసింది చూపిస్తాను, సైట్ పేరు తీసేసి:

"జులై చివరి వారం, 3 రాత్రులు. ఇద్దరు పెద్దవాళ్లం, ఒక టీనేజర్, 75 ఏళ్ల మా అత్తగారు. కారవాన్, ఆనింగ్ (కారవాన్ పక్కకి తగిలించే గుడారం). పిచ్ 14, హార్డ్‌స్టాండింగ్, 10 ఆంపుల హుకప్, ఒక్కసారీ పోలేదు. పిచ్ కుడివైపుకి కొంచెం వాలు, ఒక చక్రం కింద ర్యాంపు పెట్టాం. కుళాయి పక్కనే. క్యాసెట్ ఖాళీ చేసే ఎల్సన్ పాయింట్ మాత్రం అవతలి చివర, నడిస్తే 4 నిమిషాలు. ఆడవాళ్ల వైపు షవర్లు 3. పొద్దున ఎనిమిదిన్నరకి నా ముందు ఐదుగురున్నారు, ఏడింటికి ఎవరూ లేరు. వేడినీళ్లు రోజూ వచ్చాయి. టాయిలెట్‌కి దారి కంకర, రాత్రి దీపాల్లేవు, అత్తగారు టార్చి పట్టుకుని నా చెయ్యి పట్టుకుని నడవాల్సి వచ్చింది. కంచె వెనక రైలు పట్టాలు, రాత్రి 11 తర్వాత రెండు రైళ్లు. 20 దాటిన పిచ్‌లు పట్టాలకి దూరం, చెట్ల నీడ కూడా ఉంది. మళ్లీ వెళ్తే అక్కడే అడుగుతాను."

ఇందులో పొగడ్తా లేదు, తిట్టూ లేదు. స్టార్లు నాలుగు ఇచ్చాను, ఐదిచ్చినా మూడిచ్చినా చదివేవాళ్లకి తేడా ఉండేది కాదు. కుర్రాళ్ల గుంపు చదివితే 'దీపాల్లేకపోతే ఏంటి' అనుకుని వెళ్తారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఫోన్ చేసి టాయిలెట్ దగ్గరి పిచ్ అడుగుతారు. రైలు శబ్దానికి నిద్రపట్టనివాళ్లు 20 పైన అడుగుతారు. సికింద్రాబాద్ స్టేషన్ పక్కన పెరిగిన మా ఆయన లాంటివాళ్లకి అసలు ఆ రైళ్లు వినపడనే వినపడవు. నేను ఎవరి తరఫునా తీర్పు చెప్పలేదు, నాకు కనపడింది కనపడిన చోటుతో సహా రాశాను.

ఇలా రాయడానికి జ్ఞాపకశక్తి చాలదు. ఇంటికొచ్చాక కూర్చుంటే 'బాగుంది' తప్ప ఏదీ గుర్తుండదు. నేను రెండో రోజు పొద్దున, టీ తాగుతూ ఫోన్‌లో నాలుగు ముక్కలు కొట్టుకుంటాను: పిచ్ నంబరు, ఆంపులు, షవర్ల లెక్క, నడక నిమిషాలు. రివ్యూ మాత్రం ఇంటికొచ్చి రెండు రోజులాగి రాస్తాను. సైట్‌లో ఉండగానే రాస్తే ఒక మంచి సూర్యాస్తమయమో, ఒక తడిసిన పరుపో మొత్తం రివ్యూని మింగేస్తుంది. ఫోటోలు పెడితే కొండల ఫోటో వద్దు, అది వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. పిచ్ నేల, షవర్ గది లోపల, సైట్‌లోకి తిరిగే గేటు వెడల్పు, ఇవి పెట్టండి. పక్క పిచ్ పిల్లలు ఫోటోలో పడకుండా చూసుకోండి.

వాన పడిందని స్టార్ తగ్గించకండి. వాన పడ్డాక నీళ్లు నిలిచాయా, ఎంతసేపటికి ఇంకాయి, అది రాయండి. పనివాళ్ల పేర్లు పెట్టి తిట్టకండి. 'మోసగాళ్లు' అనే బదులు "ఫలానా మొత్తం అదనంగా అడిగారు, బుకింగ్ మెయిల్‌లో ఆ సంగతి లేదు" అని రాస్తే మీకూ ఇబ్బంది రాదు, చదివేవాళ్లకీ విషయం తెలుస్తుంది. పైగా సమస్య ఉంటే అక్కడుండగానే వార్డెన్‌కి చెప్పండి. చెప్పకుండా ఇంటికొచ్చి రాయడం నాకు న్యాయంగా అనిపించదు. చెప్తే ఏమైందన్నదే రివ్యూలో అసలు సరుకు.

మనవాళ్ల కోసం రాస్తుంటే ఇంకొన్ని చేర్చండి, ఇవి తెల్లవాళ్ల రివ్యూల్లో దొరకవు. తిరగమోత పొగ పక్కవాళ్ల మీదికి పోకుండా బయట వండుకునే వీలుందా? ఇక్కడ మంటల భయంతో బళ్ల మధ్య మామూలుగా ఆరు మీటర్ల ఎడం పాటిస్తారు కానీ గాలి వాటం అంటూ ఒకటుంటుంది. దగ్గర్లో కొత్తిమీర, పచ్చిమిర్చి దొరికే కొట్టు ఎంత దూరం? టాయిలెట్లో చెంబు పెట్టుకునే చోటుందా? నవ్వకండి, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి మొదటి టెన్షన్ అదే. ఏ నెట్‌వర్క్‌కి సిగ్నల్ వస్తుందో పేరుతో సహా రాయండి, రాత్రి ఇండియాకి వీడియో కాల్ లేకపోతే పెద్దవాళ్లకి పూట గడవదు. పోయిన డిసెంబరులో మా చెల్లెలు విశాఖ నుంచి లంబసింగి టెంట్లకి వెళ్లింది. రివ్యూలన్నీ మంచు ఫోటోలేనట. రాత్రి ఎంత చలి, ఎన్ని దుప్పట్లిస్తారు, నలభై మందికి టాయిలెట్లు ఎన్ని, డీజే ఎన్నింటికి ఆపుతారు, ఒక్కరూ రాయలేదని గోల పెట్టింది. ఎక్కడైనా ఇదే కథ.

చివరగా మీ హెల్మ్స్‌లీ సైట్. మీరు పంపిన రివ్యూలన్నీ చదివాను. ఐదు స్టార్లవాళ్లలో ఎక్కువమంది మే, జూన్‌లో వెళ్లిన ఇద్దరేసి మనుషులు, మోటర్‌హోమ్‌లలో. వాళ్లకి షవర్ దగ్గర వరస అనుభవం ఉండదు, సొంత షవర్ ఉంటుంది. 'డబ్బు దండగ' అన్న ఇద్దరూ ఆగస్టులో టెంట్లలో, పిల్లలతో. మీరు వెళ్లేది ఆగస్టు, పిల్లలతో. కాబట్టి మీకు దగ్గరి చుట్టాలు ఆ ఇద్దరే, వాళ్ల మాట కాస్త ఎక్కువ వినండి. మీకు కారవాన్ ఉంది కనుక వాళ్లు పడ్డ ఇబ్బందుల్లో సగం మీకుండవు.

ఇంకో ఒక స్టార్ రివ్యూ ఉంది చూశారా? "సైట్ చూడనే లేదు, దారిలోనే వెనక్కి తిప్పారు" అన్నది. దాన్ని మీరు పిచ్చి రివ్యూ అని కొట్టిపారేశారు. నాకైతే మొత్తం పేజీలో మీకు అన్నిటికన్నా పనికొచ్చేది అదే. ఆ మనిషి థర్స్క్ నుంచి ఏ170 రోడ్డు పట్టుకుని వచ్చాడు. అందులో సట్టన్ బ్యాంక్ అనే ఎత్తు వస్తుంది, నాలుగడుగులకి ఒకడుగు లేచే వాలు, దాని మీద కారవాన్లు నిషేధం. లీడ్స్ నుంచి మీరు మామూలు సాట్‌నావ్ (దారి చూపే పరికరం) పెట్టుకుంటే అదే దారి చూపించొచ్చు, దానికి మీ వెనక కారవాన్ ఉందని తెలీదు. యార్క్ మీదుగా రండి. స్టార్ ఇచ్చిన తీరు అన్యాయమే, సైట్ ఆ కొండని కట్టలేదు. కానీ సంగతి నూటికి నూరుపాళ్లు నిజం.

బుక్ చేసేముందు ఫోన్ చేసి మూడే అడగండి: ఆరుగురి కారవాన్‌కి ఆనింగ్‌తో సహా సరిపడే హార్డ్‌స్టాండింగ్ టాయిలెట్లకి దగ్గరగా ఏది, హుకప్ ఎన్ని ఆంపులు, రాత్రి ఆ దారిలో దీపాలుంటాయా. నాన్నగారికి మోకాళ్లు ఎలా ఉన్నాయో మీరు రాయలేదు. బాగోకపోతే కారవాన్ మెట్టు కింద వేసే ఇంకో చిన్న మెట్టు ఇప్పుడే కొనిపెట్టుకోండి, సైట్ దగ్గరి కొట్లలో దొరికినప్పుడు దొరుకుతుంది. వెళ్లొచ్చాక పిచ్ నంబరుతో రాయండి, వచ్చే ఏడు మా అమ్మ వస్తోంది, నేనూ అటే చూస్తున్నాను.